ఒకే హెడ్డు కింద నాలుగు సిలిండర్లు

సుశీలమ్మ కారు తాళం పీరా చేతిలో పెట్టి ఒక్క మాటే చెప్పింది.

“కార్బరేటరు కడుగు, పాయింట్లు సరిచెయ్యి. ఇంజను మాత్రం విప్పొద్దప్పా. దీని సంగతి తెలిసినోళ్ళు ఈ పక్క ఎవరూ లేరు.”

“విప్పనమ్మా,” అన్నాడు పీరా. ఆ మాట అన్నప్పుడు అతని మనసులో వేరే ఉద్దేశమేమీ లేదు.

1977 మార్చి నెల, సోమవారం పొద్దున. సుశీలమ్మ పెనుకొండలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రి నర్సు. యాభై దాటిన మనిషి. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైతే ముందు ఆమెకే కబురొచ్చేది. ఆ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసిన ఇటలీ డాక్టరమ్మ ఒకామె సొంత దేశానికి తిరిగిపోతూ సుశీలమ్మకు డ్రైవింగు నేర్పి, తన కారును అక్కడే వదిలి వెళ్ళింది. దాని పేరు లాంచా. హిందూపురం జనం నోట్లో పడి అది లంచం కారయింది. ఆ పేరు వింటే సుశీలమ్మకు ఒళ్ళు మండేది.

కారును హిందూపురంలో పీరా మెకానిక్ షెడ్డులో వదిలి, ఆమె మందులు కొనుక్కురావడానికి బెంగుళూరు రైలెక్కింది. గురువారం వస్తానంది.

చెప్పిన పని పీరా ఆ సాయంత్రానికే ముగించాడు. మంగళవారం పొద్దున స్టార్ట్ చేస్తే బండి మొదటి తిప్పుకే లేచింది. ఇక తుడిచి పక్కన పెట్టాలి, అంతే. కానీ పీరా బానెట్ మూయలేదు. ఆ శబ్దం వింటూ అక్కడే నిలబడిపోయాడు.

అంబాసిడర్లూ జీపులూ ఫియట్ టాక్సీలూ అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఈ ఇంజను శబ్దం వాటిలో దేనిలాగానూ లేదు. నాలుగు సిలిండర్ల బండే గానీ, ఇంజను పొట్టిగా, రెండు చేతుల మధ్య పట్టేంత ఉంది. నాలుగు సిలిండర్లు వరసగా నిలబడితే ఆ పొడవు చాలదు. రెండేసి చొప్పున చెరో పక్కకు వాలితే పైన రెండు హెడ్లు ఉండాలి. హెడ్డంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే బరువైన ముక్క. ఈ ఇంజనుకు ఒక్కటే హెడ్డు.

పీరాకు తన ఉస్తాదు మొహిద్దీన్ సాబ్ గుర్తుకొచ్చాడు. ఆయన చనిపోయి అప్పటికి ఆరేళ్ళు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన బెంగుళూరులో ఒక మిలిటరీ గ్యారేజీలో పనిచేశాడు. అక్కడి శిబిరంలో ఉంచిన ఇటలీ ఖైదీల్లో ఒకడు మెకానిక్కు, ఆ గ్యారేజీకే పనికొచ్చేవాడు. ఇక్కడి భాష తెలిసింది నాలుగు ముక్కలే గానీ, సుద్దముక్క దొరికితే చాలు, గ్యారేజీ నేల మీద తన దేశపు ఇంజన్లన్నీ గీసేవాడట. ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో నిలబడిన ఇంజను, సిలిండర్లను నేలకు సమంగా పడుకోబెట్టిన ఇంజను, ముందొకటీ వెనకొకటీ రెండు ఇంజన్లున్న పందెం కారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు గీసింది మాత్రం ఒక చిన్న ఇంజను. నాలుగు సిలిండర్లు రెండు వరసల్లో, వాలీ వాలనట్టు, ఒకదాని సందులోకి ఇంకొకటి జరిగి ఉంటాయి. అంత దగ్గరగా ఉన్నందుకే వాటన్నిటికీ ఒకే హెడ్డు చాలుతుంది.

మొహిద్దీన్ సాబ్ ఈ కథ చెప్పినప్పుడల్లా షెడ్డులో వాళ్ళు నవ్వేవాళ్ళు. “అట్లాంటిది యాడన్నా ఉంటాదా సాబ్, వాడెవడో నీకు టోపీ పెట్టినాడు,” అనేవాళ్ళు. ఆయన వాదించేవాడు కాదు. “నేను చూళ్ళేదబ్బా. కానీ ఆ మనిషి గీస్తాంటే చెయ్యి ఒక్కసారి కూడా తడబళ్ళేదు,” అనేవాడు.

పీరా అప్పుడు నవ్విన వాళ్ళలో ఒకడు.

పైకవరు ఒక్కటి తీసి చూసి మూసేద్దామనుకున్నాడు. తీశాడు. వాల్వులు మాత్రమే కనిపించాయి, సిలిండర్లు కనపడలేదు. షెడ్డు తలుపు దగ్గరికి వేసి వచ్చి, హెడ్డు నట్లు పదీ వదులు చేశాడు. ఎందుకు తలుపు వేస్తున్నాడో తనకు తానే చెప్పుకోలేదు.

హెడ్డు లేవగానే అతని చేతులు ఆగిపోయాయి. ఖైదీ సుద్దముక్కతో గీసింది అబద్ధం కాదు. నాలుగు గుండ్రటి రంధ్రాలు, నడిచిపోయిన మనిషి అడుగుల్లా, ఎడమొకటి కుడొకటి. ఒక్కో దానికీ పక్కదానికీ మధ్య లోహం వేలంత మందం కూడా లేదు. రెండు వరసలూ చెరో పక్కకు ఒరిగి ఉన్నాయి గానీ ఆ ఒరుగు ఎంత తక్కువంటే, కన్ను నమ్మలేక పీరా రెండు అరచేతులూ చెరో వరస పక్కన ఆనించి చూశాడు. హెడ్డు తిరగేస్తే లోపల నాలుగు చిన్న గిన్నెలు, తళతళలాడుతూ. చోటు మిగలని చోట చోటు చేసి, ఎవరో ఎంతో ఓపికగా ఆలోచించారు.

“సాబ్, నువ్వు చెప్పింది నిజమే,” అని పైకే అన్నాడు.

ఆ తర్వాత చూశాడు గాస్కెట్టును. హెడ్డుకూ కింది దిమ్మకూ మధ్య పరిచే పలుచని పొర అది. మంటను, నీళ్ళను, ఆయిలును దేని దారిలో దాన్ని ఉంచేది అదే. ఇరవై ఏళ్ళ వేడికి అతుక్కుపోయి ఉండి, హెడ్డు లేపినప్పుడు సగం పైకీ సగం కిందికీ చీలిపోయింది.

ఈ ఆకారం గాస్కెట్టు హిందూపురంలో కాదు కదా, బెంగుళూరులోనూ దొరకదు. ఇటలీలో దొరుకుతుందేమో. సుశీలమ్మ గురువారం వస్తుంది.

బుధవారం పొద్దున అతను ఇంట్లో నీళ్ళు కాచే రాగి కాగు ముందు నిలబడ్డాడు. భార్య నఫీసా చూసి, “దాన్నేం జేస్తావు?” అంది. పీరా జరిగింది చెప్పాడు. ఆమె అంతా విని కాగులో నీళ్ళు వంపేసింది.

“తీసుకుపో. ఆ సిస్టరమ్మకు చెప్తావు గదా?”

“చెప్తా.”

“ఎప్పుడు?”

“వచ్చినప్పుడు చెప్తా అంటి గదా,” అని కసురుకున్నాడు.

కాగు పక్కను కత్తిరించి, సాగగొట్టి చదును చేశాడు. రేకును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే రాగి మెత్తబడుతుంది. చీలిన ముక్కలను కాగితం మీద అతికించి, ఆ అచ్చు ప్రకారం ఒక్కో రంధ్రమూ కోశాడు. రోజంతా పట్టింది. గురువారం పొద్దున హెడ్డు కూర్చోబెట్టి బిగించి స్టార్ట్ చేస్తే, ఇంజను మునుపటిలాగే పలికింది. ఎక్కడా చుక్క కారలేదు. కానీ రాగి గాస్కెట్టుకు ఒక నియమం ఉంది. ఇంజను ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక, నట్లన్నీ మళ్ళీ బిగించాలి. లేకపోతే రాగి అణిగి సందు పడుతుంది. చల్లారడానికి సాయంత్రమవుతుంది.

సుశీలమ్మ పది గంటలకే వచ్చింది. మందుల పెట్టె వెనక సీట్లో పెట్టి, స్టార్ట్ చేసి చెవి ఒగ్గింది.

“బాగుండాదే! ఏం జేసినావు?”

“కార్బరేటరు కడిగినానమ్మా,” అన్నాడు పీరా. “సాయంత్రం దాకా ఉంటే ఇంకొంచెం చూస్తా...”

“సాయంత్రం దాకా యాడుంటానప్పా, ఆస్పత్రిలో పనుండాది.” కారు కదిలింది. ఇంకో అడుగు వేసి అద్దం దగ్గరికి వంగి ఉంటే చెప్పేవాడే. వెయ్యలేదు. పెనుకొండ దాకా పాతిక మైళ్ళేగా, మెల్లగా పోతుంది, రేపు పొద్దున్నే బస్సులో పోయి ఏదో ఒక సాకు చెప్పి బిగించి వద్దాం అని సర్దిచెప్పుకున్నాడు.

పన్నెండు దాటాక పెనుకొండ నుంచి వచ్చిన బస్సు కండక్టరు టీ అంగట్లో అన్నాడు. “మీ లంచం కారు భలే పోతాండాదప్పా! ఎవరో సైకిలోడు అడ్డమొచ్చి ఏమో చెప్పినాడు, ఆయమ్మ రొద్దం పక్క తిప్పి దుమ్ము లేపుకుంటా పోయింది. నిన్నట్నుంచి నొప్పులు పడతాందంట ఆడ ఒక బిడ్డ.”

పీరా చేతిలో గ్లాసు అలాగే పెట్టేసి షెడ్డుకు పరుగెత్తాడు. పెద్ద స్పానరు, ఒక గుడ్డ తీసుకుని, కదులుతున్న బస్సెక్కాడు.

దారి పొడుగునా అతనికి లెక్క ఒక్కటే. హిందూపురం నుంచి పెనుకొండ, అక్కడి నుంచి రొద్దం, మళ్ళీ వెనక్కి. ఎండ నడినెత్తిన ఉంది. ఆమె తొందరలో తోలుతుంది. రాగి ఈపాటికి అణిగి ఉంటుంది. మధ్యలో వేలంత మందం లేని ఆ చోటే ముందు పోతుంది. బస్సు ఆగిన ప్రతిచోటా అతను లేచి నిలబడ్డాడు. పక్కనున్న ముసలాయన, “కూచోవప్పా, నువ్వు నిలబడితే బస్సు బిర్రన పోతాదా?” అన్నాడు.

పెనుకొండలో బాడుగ సైకిలు తీసుకుని రొద్దం దారి పట్టాడు. నాలుగు మైళ్ళు తొక్కాడో లేదో, దూరంగా రోడ్డు పక్కన తెల్లటి ఆవిరి కనిపించింది.

కారు చింతచెట్టు నీడలో ఆగి ఉంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొడుతోంది. ఆ కారుకు ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య కమ్మీ ఉండదు. రెండూ బార్లా తెరిస్తే ఒక పక్కంతా ఖాళీ. వెనక సీట్లో ఇరవై ఏళ్ళ పిల్ల పడుకుని పళ్ళు బిగించి మూలుగుతోంది. ఆమె పేరు చౌడక్క, తొలి కాన్పు. తల దగ్గర ఆమె తల్లి రామక్క కొంగుతో విసురుతోంది. సుశీలమ్మ చిన్న గొట్టం చౌడక్క కడుపు మీద ఆనించి, చెవి పెట్టి బిడ్డ గుండె వింటోంది.

పీరాను చూసి ఆమె ముఖంలో వెలుగొచ్చింది. “దేవుడే పంపినాడప్పా నిన్ను! బిడ్డ అడ్డం తిరిగుండాది. ధర్మవరంలో ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఉండాది, తొందరగా పోవల్ల. బండి ఉన్నట్టుండి ఇట్ల కాగింది.”

ఆ వెలుగును చూసి పీరా ఇక ఆగలేకపోయాడు.

“నేను ఇంజను విప్పినానమ్మా.”

“ఏమంటివి?”

“వద్దంటే విప్పినాను. గాస్కెట్టు చీలిపోయింది. రాగిది చేసి ఏసినాను. ఇంకోతూరి బిగించల్ల. నీకు చెప్పల్ల. చెప్పలేదు.”

సుశీలమ్మ ముఖంలో వెలుగు ఆరిపోవడం పీరా చూశాడు. చెంప మీద కొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

“ఇప్పుడు బిగిస్తే పోతాదా?” అంది ఆమె.

“చల్లారితే పోతాది. అరగంట కావల్ల. వేడి మీద బిగిస్తే మర తెగిపోవచ్చు. తెగితే ఇంక కదలదు.”

ఆమె మళ్ళీ గొట్టం పెట్టి విన్నది. చేతి గడియారం వైపు చూస్తూ లెక్కపెట్టింది. “అరగంట లేదు. పావుగంట ఇస్తా.”

పీరా బానెట్ ఎత్తేశాడు. చల్లటి నీళ్ళు కుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది. తుండు విప్పి రెండు చేతులతో విసరడం మొదలుపెట్టాడు. రామక్క దగ్గర్లోని బావి మోటారు షెడ్డు నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి పెట్టింది. వెనక చౌడక్క ఒక్కసారిగా అరిచింది. ఆ అరుపుకు పీరా చేతులు ఇంకా వేగంగా ఆడాయి. రోడ్డు మీద ఒక్క బండి కూడా రాలేదు.

“అయిపోయింది టైము,” అంది సుశీలమ్మ.

హెడ్డు ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. పీరా గుడ్డ చుట్టుకుని మధ్య నట్టు మీద స్పానరు పెట్టాడు. మధ్యలోంచి మొదలుపెట్టి, ఒకటి ఈ పక్క ఒకటి ఆ పక్క, అంచులకు పోవాలి. మొదటిది కిర్రుమని కొంచెం కదిలి ఆగింది. రెండోది, మూడోది. ఏడో నట్టు ఆగకుండా వెన్నలా తిరిగింది. మర తెగిపోయింది అనుకున్నాడు పీరా. ఇంకొంచెం తిప్పితే లోపల ఏదో పట్టుకుంది. మణికట్టుకు ఆ పట్టు తెలిసింది. అక్కడితో వదిలేసి ఎనిమిదోది పట్టుకున్నాడు. పదీ అయ్యేసరికి అరచేయి బొబ్బలెక్కింది.

ఇంజను స్టార్ట్ చేసి, బిందెలో నీళ్ళు సన్నటి ధారగా రేడియేటరులో పోశాడు. నీళ్ళలో బుడగలు లేచాయి. తర్వాత తగ్గాయి. పూర్తిగా ఆగలేదు.

“నేను తోల్తానమ్మా. నువ్వు ఆ బిడ్డ దగ్గర కూచో.”

సైకిలును చింతచెట్టు కిందే వదిలేసి బయల్దేరారు. పెనుకొండ దాటి ధర్మవరం దారిలో పడ్డారు. పీరా ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను వేడి చూపే ముల్లు మీద పెట్టాడు. ఎత్తు వస్తే గేరు తగ్గించి, పల్లం వస్తే యాక్సిలరేటరు వదిలి, ఇంజనును పసిపాపలా ఎత్తుకుపోతున్నట్టు తోలాడు. చౌడక్క అరుపులు తగ్గి మూలుగులయ్యాయి. దాంతో పీరాకు ఇంకా భయం వేసింది.

కొంత దూరం పోయాక వెనక నుంచి సుశీలమ్మ గొంతు వినిపించింది. “యాల విప్పినావు? పనైపోయింది గదా. ఎందుకు?”

“చూడల్లని, అమ్మా.”

“ఏముంది ఆడ చూసేకి?”

“నాలుగు సిలిండర్లు, ఒకే హెడ్డు. అట్లాంటిది లోకంలో లేదని మా ఉస్తాదును నవ్వుతాంటిమి. ఆయన చూడకుండానే పోయినాడు. అది నా షెడ్డులోకే వచ్చింది. మూసి పంపిచ్చేకి చేతులు రాలేదు.” గేరు మార్చి అన్నాడు. “తప్పే. విప్పింది ఒక తప్పు, చెప్పకపోయింది పెద్ద తప్పు.”

ఆమె మళ్ళీ గొట్టం చౌడక్క కడుపు మీద ఆనించింది.

ధర్మవరం పొలిమేరలో రైలు గేటు పడి ఉంది. ముల్లు అప్పటికే ఎర్ర గీత పక్కకు జరిగింది. నిలబెట్టి ఇంజను నడిపితే కాగిపోతుంది. ఆపేస్తే మళ్ళీ లేస్తుందో లేదో. పీరా ఆపేశాడు. గూడ్సు బండి పెట్టె తర్వాత పెట్టె, పోతూనే ఉంది. రామక్క కూతురి చెంపలు తడుతూ, “కండ్లు తెరుయే, నన్ను చూడే,” అంటోంది. సుశీలమ్మ నాడి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. పీరా కూడా తనకొచ్చిన దువా చదువుకున్నాడు.

గేటు లేచింది. తాళం తిప్పాడు. ఇంజను గిర్రుమని తిరిగింది గానీ అందుకోలేదు. రెండోసారీ అంతే. వెనక నిలబడిన లారీవాడు హారను కొట్టాడు. మూడోసారికి మూడు సిలిండర్లు మాత్రం అందుకున్నాయి. నాలుగోది చచ్చిపోయింది. కుంటుతూ, పొగ కక్కుతూ, ఆ మూడింటితోనే పీరా కారును ఆసుపత్రి వాకిలి దాకా తెచ్చాడు. తలుపులు రెండూ తెరిచి చౌడక్కను దించుతుండగా ఇంజను తనంతట తానే ఆగిపోయింది.

వాకిట్లో మెట్ల మీద అతను రెండు గంటలు కూర్చున్నాడు. లేచి కారు వైపు పోవాలని కూడా అనిపించలేదు. ఎండ పసుపురంగుకు తిరిగాక సుశీలమ్మ బయటికొచ్చింది.

“ఆడబిడ్డ. ఏడ్చేకి శానా సేపు పట్టింది. ఇద్దరూ ఉండారు.”

పీరా రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి అతను తల ఎత్తేదాకా ఆగింది.

“బండి చెడిపోతాది, దానికేం లేదు. కానీ ఈ బండ్లో నేను మనుషుల్ని ఎక్కించుకుంటాను. దాని సంగతి నాకు తెలియకుండా చేసినావు. పొద్దున ఒక్క మాట చెప్పుంటే రొద్దానికి జీపు అడుక్కుని పోతాంటి. ఇంక నా కారు ముట్టుకోవద్దు.”

పీరా చివరి బస్సుకు హిందూపురం చేరాడు. నఫీసా అతని చేతికి వెన్న రాసింది. జరిగింది రెండు మూడు రోజుల తర్వాత అతనే ఆమెకు చెప్పాడు.

కారును లారీకి కట్టి పెనుకొండకు లాక్కుపోయారని ఎవరో అన్నారు. నాలుగైదు నెలలు గడిచాయి. సుశీలమ్మ జీపుల్లోనూ ఎద్దులబండ్లలోనూ పల్లెలు తిరుగుతోందని వింటూ పీరా తన పని తాను చేసుకున్నాడు. షెడ్డులో ఎవరైనా లంచం కారు ఏమైందని అడిగితే, తన వల్లే చెడిందని ఉన్నదున్నట్టు చెప్పేవాడు.

ఆగస్టులో ఒకరోజు ఆసుపత్రి కాంపౌండరు చీటీ తెచ్చాడు. “ఇటలీ డాక్టరమ్మకు జాబు రాస్తే గాస్కెట్టు పార్సిలు పంపింది. ఆదివారం ప్రార్థన అయినాక రా. సుశీల.” అంతే ఉంది.

ఆదివారం అతను పోయేసరికి ఆసుపత్రి వెనక షెడ్డులో కారు పక్కన సుశీలమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. “విప్పు. నేను చూస్తాను,” అంది.

పీరా ఒక్కో నట్టూ తీసి, హెడ్డు లేపి పక్కన పెట్టాడు. రాగి రేకు మూడో రంధ్రానికీ నాలుగో రంధ్రానికీ మధ్య నల్లగా మాడి, గోరంత మేర కరిగిపోయి ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. ఇంకొక్క మైలు ఉండి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

తర్వాత ఆమె కళ్ళద్దాలు సర్దుకుని ఇంజను మీదికి వంగింది. చూపుడువేలు ఒక సిలిండరు అంచు మీద పెట్టి, నెమ్మదిగా జరిపి పక్కదాని అంచు దాకా తెచ్చింది.

“ఇంత దగ్గరా!”

“అంత దగ్గరే. చూడు, ఈ రెండూ ఇటు, ఆ రెండూ అటు ఒరిగుండాయి. ఇంకొంచెం ఎక్కువ ఒరిగినా ఒక హెడ్డు చాలదు.” పీరా రెండు అరచేతులు దగ్గరగా పెట్టి, కొద్దిగా వాల్చి చూపించాడు.

“పదేండ్లు తోలినా, దీని లోపలేముందో నాకే తెల్దు,” అంది సుశీలమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు. కాంపౌండరు వచ్చి ఎవరో పిలుస్తున్నారని రెండుసార్లు చెప్పాడు. ఆమె రెండుసార్లూ వస్తానని చెయ్యి ఊపింది గానీ కదల్లేదు.

కొత్త గాస్కెట్టు పరిచి పీరా హెడ్డు కూర్చోబెట్టాడు. అప్పుడు ఆమె ఒళ్ళో ఉన్న నోటుబుక్కు తెరిచి పెన్ను మూత తీసింది.

“ఏ నట్టు ముందు, ఏది తర్వాత? వరసగా చెప్పు. ఎంత బిగించల్ల, మళ్ళీ ఎప్పుడు బిగించల్ల, అన్నీ చెప్పు.”

పీరా మధ్య నట్టు మీద స్పానరు పెట్టి, “ఇది ఒకటి,” అన్నాడు.

ఆమె బొమ్మ గీసి, ఆ చోట ఒకటి అని రాసుకుంది.